ఏడవ నెలలో నా వంతు

ఒక్క మాట. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. గొంతులో ఇరుక్కున్న చేప ముల్లు లాంటిది అది. అన్నం ముద్ద మింగితే దిగిపోయిందనిపిస్తుంది, గుక్కెడు నీళ్లు తాగగానే మళ్లీ గుచ్చుకుంటుంది. మా ఆయనకి చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని దగ్గరికి రాగానే పక్కదారి పట్టి, పిల్లల ఆరోగ్యం గురించి అడగడం మొదలుపెడతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

ఆ మాట ‘ఖలాస్’.

ఈ అరబ్బు దేశంలో అందరి నోళ్లలో నానే మాటే. గ్యాస్ అయిపోతే ఖలాస్, పని ముగిస్తే ఖలాస్, స్నేహం చెడితే ఖలాస్. తెలుగులో ‘అయిపోయింది’ అనాల్సి వస్తే నా నోరు తడబడేదేమో. పరాయి మాటలో అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. ఇలా అనుకోవడం కూడా ఒక సాకేనా? మాట మీద నెట్టేస్తున్నానా? మీరే చూడండి. నన్ను నేను కాస్త మంచిదాన్నిగా చూపించుకునే అలవాటు నాకుంది. అలా చేస్తున్నట్టు కనిపిస్తే నమ్మకండి.

2007 వేసవి మొదట్లో మా బాబు పుట్టాడు. షార్జాలో పాత బిల్డింగు, ఒక బెడ్‌రూమ్ ఫ్లాటు. మా ఆయనది జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్ ఉద్యోగం. చీకటితో కంపెనీ బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు. నేను ఒక స్కూల్లో చిన్న తరగతుల టీచర్ని. అమ్మ నా డిగ్రీ పూర్తికాకముందే పోయింది. పురుడు పోయడానికి నాకంటూ ఎవరూ లేరు.

అప్పుడు వచ్చింది రూతమ్మ.

యాభై దాటిన మనిషి. కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. ఇంటిపని వీసా మీద కల్బాలో ఒక ఇంటికి వచ్చింది. గడువు తీరాక ఇంటికి పంపమని అడిగితే, రేపు మాపు అంటూ పంపలేదట. ఒకరోజు చెత్త పారేయడానికి గేటు బయటికొచ్చి, సంచి అక్కడే వదిలేసి, కనిపించిన బస్సెక్కేసింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే ఉండిపోయింది. అప్పటినుంచీ ఆమె ఖల్లివల్లి. కాగితాలు లేకుండా బతికేవాళ్లని ఇక్కడ అలాగే అంటారు. రోలా వైపు ఆడవాళ్లంతా కలిసి ఉండే గదిలో ఒక మంచం ఆమెది. పగలు ఇళ్లలో పని. మా తెలుగు క్రైస్తవ సహవాసం శుక్రవారాలు ఒక విల్లాలో కూడుకునేది, అక్కడే పరిచయం. నేను పిన్నీ అనేదాన్ని. ఆమె నన్ను అమ్మాయిగారూ అనేది.

పని మనిషిగా వచ్చింది గానీ చేసింది తల్లి పని. నాకు కాయం ముద్ద చేసి పెట్టింది. మిరియాల చారు, వెల్లుల్లి కాల్చిన నెయ్యన్నం, సాంబ్రాణి పొగ. కాళ్లు చాపుకుని బాబుని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పోస్తుంటే వాడు ఏడవడం మానేసి వినేవాడు. ఏం వినేవాడో. ఆమె పాడేది కూడా కాదు, ఊరికే మాట్లాడుతుండేది.

మా బాబుకి ఒక జబ్బుండేది. జబ్బు కాదన్నారు డాక్టర్లు, ఎదిగితే అదే పోతుందన్నారు. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగపట్టేసేవాడు. నోరు తెరిచే ఉంటుంది, శబ్దం ఉండదు. పెదాలు నీలంగా మారేవి. నేను వాణ్ణి ఎత్తుకుని గదంతా తిరిగేదాన్ని. ఆమె మాత్రం వాడి మొహం మీద ఒక్కసారి ఉఫ్ మని ఊదేది. వాడు ఉలిక్కిపడి ఊపిరి తీసుకునేవాడు. నేను ఊదితే జరిగేది కాదు. ఎన్నోసార్లు చూశాను. నా ఊపిరిలో భయం ఉండేదేమో.

ఆ వేసవిలోనే ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాల్లేనివాళ్లు జరిమానా లేకుండా, జైలు లేకుండా, ఔట్‌పాస్ అనే కాగితం తీసుకుని సొంత దేశం వెళ్లిపోవచ్చు. సెప్టెంబరు మొదట్లో గడువు. రూతమ్మ మొహం ఆ రోజు నేను మర్చిపోలేను. ఆమెకి ఒక్కతే కూతురు, నిర్మల. పెళ్లయిన చాలా ఏళ్లకి నెల తప్పింది. అక్టోబరు ఆఖర్లో కాన్పు. తొలి కాన్పు తన చేతుల మీద జరగాలని రూతమ్మ ఆశ. నాకు వేడినీళ్లు పోస్తూ కూడా నిర్మల గురించే చెప్పేది. దానికి వెన్ను నొప్పి, దానికి పులుపంటే పిచ్చి, దానికి చీకటంటే భయం.

వెళ్లమన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, మొదట్లో. కానీ స్కూలు తెరిచే రోజు దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర కరువైంది. వేరే మనిషి కోసం వెతికాను. ఒకావిడ వచ్చి బాబుని ఎత్తుకుంటే వాడు ఊపిరి బిగపట్టాడు. ఆవిడ నాకంటే గట్టిగా అరిచింది.

గడువు ఆఖరి రోజుల్లో బాబుకి జ్వరం వచ్చింది. తెల్లవారితే రూతమ్మ తన గదిలోని ఆడవాళ్లతో కలిసి ఔట్‌పాస్ వరసలో నిలబడాలి. తెల్లవారాక చూస్తే మా గుమ్మంలో ఉంది. నేను ఉండమని అడగలేదు. అంటే, నోటితో అడగలేదు. ముందురోజు సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అది అడగడం కాదా?

అలా ఆ గడువు దాటిపోయింది. అక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాయక్కర్లేదు.

గడువు ముగిసిన వెంటనే పెంచారు. మా ఆయన అన్నం తింటూ చెప్పాడు. “మీ పిన్ని అదృష్టవంతురాలే. నవంబరు దాకా పొడిగించారట. గోడౌన్లో ఈరోజంతా అదే గోల.” నేను పెరుగు వడ్డిస్తున్నాను. అవునా, అన్నాను. ఇంకాస్త వెయ్యనా, అన్నాను.

పొద్దున రూతమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అడిగింది. “ఏమండీ అమ్మాయిగారూ, గడువేవన్నా పెంచారాండీ? బస్సులో ఎవరో హిందీవాళ్లు ఏదో అనుకుంటన్నారు, నాకు సరిగ్గా తెలీలేదు.”

మరిగిన నీళ్లలోంచి పాలసీసా పటకారుతో తీస్తున్నాను. తల ఎత్తలేదు.

“లేదు పిన్నీ. ఖలాస్.”

ఆలోచించి అన్నానని చెప్పుకోలేను. ఆలోచించకుండా అన్నాననీ చెప్పుకోలేను. రాత్రంతా బాబు పక్కన పడుకుని ఆ ప్రశ్న కోసమే ఎదురుచూశానని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆమె రెండో చెప్పు కూడా విడిచింది. తర్వాత, “ఆయ్, దేవుడి చిత్తం,” అని చేతులు కడుక్కుని బాబుని ఎత్తుకుంది. నేను స్కూలుకి వెళ్లాను. ఆ రోజు పిల్లలకి రంగులు వేయించాను. బాగా నవ్వించాను కూడా.

ఒక అబద్ధం ఒంటరిగా బతకలేదు. నాలుగైదు తోడు కావాలి దానికి. బయట చెకింగులు ఎక్కువయ్యాయి పిన్నీ, ఆ గదిలో వద్దు, మా హాల్లో ఉండిపో, అన్నాను. ఎంత మంచిదాన్నని ఆమె నా చేతులు కళ్లకద్దుకుంది. శుక్రవారం సహవాసానికి కూడా రావద్దన్నాను. అక్కడికొస్తే ఎవరో ఒకరు గడువు సంగతి ఎత్తుతారు కదా. మా ఆయనతో, “ఆవిడకే వెళ్లాలని లేదట, ఇంకో ఏడాది ఉండి వెళ్తానంటోంది,” అన్నాను. వాళ్ల ఊరివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారని ఫోన్లో తెలిస్తే, వాళ్లంతా ముందే ఔట్‌పాస్ తీసుకున్నవాళ్లన్నాను. ఇన్ని చెప్పినా ఒక్కసారి కూడా నాకు నేను అబద్ధాలకోరులా కనిపించలేదు. బిడ్డ తల్లిలా కనిపించాను.

ఇప్పుడు ఆ నెల గురించి చెప్పాలి. అది లేకపోతే నా తప్పు మామూలు తప్పే.

మా సహవాసం నడిపే అయ్యగారు వారమంతా ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. శుక్రవారం మాత్రం మాకు కాపరి. ఆయనకి పాత నిబంధన పండుగలంటే ప్రాణం. బైబిలు వాక్యంలో ఏడవ నెల అని ఉంటుంది కదా, దాన్నే యూదులు తిష్రీ అంటారని చెబుతూ ఆ పేరు దగ్గర గొంతు తగ్గించేవాడు. ఈ దేశంలో ఆ పేరు గట్టిగా అనకూడదని ఆయన భయం. వెనక వరసలో ఎవరో, “అయ్యగారూ, నెలకి వీసా అక్కర్లేదులెండి,” అంటే అందరం నవ్వేవాళ్లం.

ఆ నెల ఎండలు తగ్గేటప్పుడు వస్తుంది. అమావాస్య వెళ్లి నెలవంక కనబడితే మొదటి రోజు, బూరలు ఊదే దినం. పదవ రోజు ప్రాయశ్చిత్త దినం, ఉపవాసం. పదిహేనో రోజు నుంచి పర్ణశాలల పండుగ. కోతలన్నీ ముగిసి, ఎడారిలో గుడారాల్లో తిరిగిన రోజుల్ని గుర్తుచేసుకుంటూ ఆకుల పందిరి కింద కూర్చోవాలి. మామూలుగా మన ఆశ్వయుజంతో కలిసి వచ్చే నెల అది. ఆ ఏడు మనకి అధిక మాసం రావడంతో భాద్రపదంతో కలిసింది. రంజాన్ కూడా ఆ నెలవంకతోనే మొదలైంది. ఒకే చంద్రుణ్ణి చూసి ఎవరి నెల వాళ్లు మొదలుపెట్టారు.

అయ్యగారు ప్రతి ఏడూ చెప్పే సంగతి ఒకటుంది. మొదటి రోజుకీ పదవ రోజుకీ మధ్య పరలోకంలో తలుపు తెరిచి ఉంటుందని యూదుల నమ్మకమట, పదవ రోజు సూర్యుడు దిగేటప్పుడు మూసేస్తారట. దేవునికి చేసిన తప్పు దేవుణ్ణి అడగవచ్చు. మనిషికి చేసిన తప్పు మాత్రం ఆ మనిషినే అడగాలి. దేవుడు కూడా వాళ్ల బదులు క్షమించడు. అందుకని మా సహవాసంలో ఒక ఆచారం పెట్టాడు. ఆ రోజుల్లో ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లి తప్పు చెప్పుకోవాలి. విన్నవాళ్లు క్షమించాక, తిరిగి వాళ్లు తమ తప్పు చెప్పుకోవాలి. రెండు వైపులా జరిగితేనే లెక్క. చాలామంది నవ్వుతూనే కానిచ్చేవాళ్లు. మీ బిర్యానీ బాలేదన్నాను అక్కా, క్షమించు. పర్లేదమ్మా, మీ ఆయన పాట బాలేదన్నాను, నువ్వూ క్షమించు.

రూతమ్మకి ఆ ఏడు శుక్రవారాలు లేవు కదా. అయ్యగారు చెప్పినదంతా నేనే ఇంటికి తీసుకొచ్చి చెప్పాను. తలుపు గురించీ, మనిషిని అడగడం గురించీ నా నోటితోనే చెప్పాను. బయటి సంగతి ఏదైనా ఆమెకి నాలోంచే రావాలి. ఒకటి పంపాను. ఒకటి ఆపాను.

పదవ రోజుకి ముందు రోజు సాయంత్రం. నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నాను. కింద మసీదు దగ్గర ఇఫ్తార్ కోసం చాపలు పరుస్తున్నారు. బాబు నిద్రపోతున్నాడు. రూతమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వచ్చి నిలబడింది. ప్రార్థనకి నిలబడినట్టు.

“అమ్మాయిగారూ, నేను మీకొక తప్పు చేసానండి.”

నిజం చెప్పొద్దూ, ఆమెకి తెలిసిపోయిందనుకున్నాను.

“ఏంటి పిన్నీ?”

“మీరు బడికెళ్లినప్పుడు బాబుకి దిష్టి తీసానండి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యి మీద వేసాను. ఒక్కసారి కాదు. ఊపిరి బిగపట్టిన ప్రతిసారీ. మనం అలాంటివి చెయ్యకూడదు కదండీ. పైగా మీ బిడ్డ. మీకు చెప్పకుండా చేసాను.”

నవ్వు వచ్చింది. ఏడుపు కూడా వచ్చినట్టుంది. వంటింట్లో అప్పుడప్పుడూ ఘాటు వాసన ఎందుకొస్తుందో అని నేను కిటికీలు తెరిచేదాన్ని.

“అది తప్పేంటి పిన్నీ. క్షమించేశాను.”

“కాదండీ, తప్పే. అందుకే గడువు దాటిపోయింది. దేవుడు తలుపేసేసాడు నాకు. నిర్మల దగ్గరికి ఎల్లే మొహం నాకు లేదని ఏసేసాడు.” కళ్లు తుడుచుకుంది. తర్వాత తేలికపడినట్టు చిన్నగా నవ్వింది. “ఆయ్, నాదైపోయింది. ఇప్పుడు మీ వంతండి.”

మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారు? అప్పటికి తలుపు తెరిచే ఉంది. పరలోకం సంగతి నాకు తెలియదు, ఈ దేశపు తలుపు మాత్రం తెరిచే ఉంది. నవంబరు దాకా. ఒక్క మాట చాలు. ఆ రాత్రే సూట్‌కేసు సర్దుకునేది. నిర్మల కాన్పుకి అందేది. నా నోటిదాకా వచ్చింది. అప్పుడే లోపల బాబు కదిలాడు. ఏడవలేదు, ఊరికే కదిలాడు. నేను అటు చూశాను.

“అప్పుడప్పుడూ నీ మీద విసుక్కున్నాను పిన్నీ. క్షమించు,” అన్నాను.

ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. “తెలిసీ తెలియకా మీరు చేసినవన్నీ క్షమించేసానండి. ఏదీ అట్టేపెట్టుకోలేదు.”

దొంగ తప్పు ఒకటి చెప్పి నిజమైన క్షమాపణ తీసుకున్నాను. ‘తెలిసీ’ అంది కదా, మరి ఇదీ అందులో చేరుతుందా? చేరితే నాకీ ముల్లు ఎందుకు? చేరకపోతే ఆమె చేతి బరువు నా తల మీద అంత చల్లగా ఎందుకుంది? ఎన్ని రాత్రులు ఈ లెక్క వేశానో. అప్పుడు మాత్రం లెక్కలేమీ వేయలేదు. బట్టలు మడతపెట్టాను.

మర్నాడు ఇద్దరం ఉపవాసం ఉన్నాం. సాయంత్రం మసీదులో బాంగు వినబడగానే ఖర్జూరాలు తిని విడిచాం. “మన ఉపవాసానికి కూడా గంట వాళ్లే కొడుతున్నారు,” అని మా ఆయన హాస్యమాడాడు. రూతమ్మ నవ్వింది గానీ బాల్కనీలోకెళ్లి, సూర్యుడు దిగిన వైపు చాలాసేపు చూసింది. తలుపు మూసుకోవడం చూస్తోందనుకుంటాను.

పర్ణశాలల పండుగకి విల్లా ముంగిట్లో అందరూ పందిరి వేశారు. రూతమ్మ వెళ్లలేదు కాబట్టి మా బాల్కనీలోనే ఒకటి వేసింది. రోడ్డు పక్క ఖర్జూరపు చెట్లు నరికినచోట నుంచి మా ఆయన నాలుగు మట్టలు తెచ్చాడు. వాటిని దండేనికి కట్టి, కింద దుప్పటి పరిచి, బాబుని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆకుల సందుల్లోంచి వెలుగు వాడి మొహం మీద పడుతుంటే వాడు మొదటిసారి పైకి నవ్వాడు, శబ్దంతో. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ లేదు. సిగ్గుపడుతున్నది ఇక్కడే. అబద్ధం చెప్పినందుకు ఎంత సిగ్గో, ఆ సాయంత్రం అంత హాయిగా ఉన్నందుకు అంతకంటే సిగ్గు. ఎడారిలో ఇల్లు లేనివాళ్ల గుర్తుగా వేసే పందిరి అది. ఇంటికి పోనివ్వకుండా నేను ఆపిన మనిషి దాని కింద కూర్చుని నా బిడ్డని ఆడిస్తోంది.

ఏడవ నెల వెళ్లాక వచ్చే నెలలో పండుగలేమీ లేవట. అందుకే దాన్ని చేదు నెల అనేవాళ్లున్నారని అయ్యగారు చెప్పాడు. పెంచిన గడువు ఆ చేదు నెలలో ముగిసింది. ఆ రోజు స్కూల్లో ఉన్నాను. సాయంత్రం ఇంటికి వస్తూ ఊపిరి పీల్చుకున్నాను. ఇక చెప్పినా ఉపయోగం లేదు. ఇక చెప్పనక్కర్లేదు. ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ అలాగే అనుకున్నాను.

దానికి కొన్ని రోజుల ముందే నిర్మలకి ఆడపిల్ల పుట్టింది. ఆపరేషను చేశారు. ఫోన్ చేస్తే నిర్మల మాట్లాడలేదు. నీరసంగా ఉందేమోలెండి, అంది రూతమ్మ. ఎవరో వరసకి వదిన ఫోన్ తీసుకుంది. రూతమ్మ మా బాబుని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూనే, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అక్కడి పాపకి ఎలా పోయాలో చెప్పింది. మెడ కింద చెయ్యి పెట్టు వదినా. ముక్కులో నీళ్లు పోనీకు. కాళ్లు దగ్గరికి లాగి పట్టుకో, ఆ, అట్టా. మధ్యలో కార్డు అయిపోయి లైను తెగిపోయింది. ఆమె గమనించలేదు. ఇంకా కాసేపు చెబుతూనే ఉంది.

చలికాలంలో ఆమె పట్టుబడింది. కొత్తిమీర తెమ్మని కింద కొట్టుకి నేనే పంపాను. అబద్ధం పాతబడి, నాకే గుర్తులేనంత మామూలైపోయింది మరి. మఫ్టీలో ఉన్నవాళ్లు కాగితాలు అడిగారట. కొట్టతను పరుగెత్తుకొచ్చి చెప్పాడు. మేం కిందికి దిగలేదు. ఖల్లివల్లిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. మా ఆయన తలుపు గడియ వేశాడు, నేను లైటు ఆపేశాను. ఎక్కడ ఉంటున్నావని ఎంత అడిగినా ఆమె మా ఇల్లు చూపించలేదు. కొన్ని వారాలు లోపల ఉంచి, కట్టుబట్టలతో పంపేశారు.

తర్వాత ఆమె సూట్‌కేసు కార్గోలో పంపించాం. అందాక ఫోన్ చేసింది. బాబు ఊపిరి బిగపడుతున్నాడా అని మొదట అదే అడిగింది. మానేశాడని చెప్పాను. అప్పుడు అంది, “నిర్మల నాతో మాట్టాడదండి. గడువుండి కూడా డబ్బు కోసం ఉండిపోయానంటది. ఊళ్లోవాళ్లు అందరూ వచ్చారు, నువ్వే రాలేదంటది.”

గడువు లేదని మీరే చెప్పారు కదండీ, అనలేదు. మీకు తెలుసాండీ, అనలేదు. నేను, “అలాగా పిన్నీ,” అన్నాను.

ఊరు వెళ్లాక ఆమెకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఊరివాళ్లంతా ఆ పెంచిన గడువులోనే వచ్చారు. ఆమెకి తెలుసు. లేదా, అమ్మాయిగారికి కూడా తెలియదేమో అని నా తరఫున తనకి తనే సర్దిచెప్పుకుంటోందా? ఏది నిజమైతే నాకు తక్కువ సిగ్గో కూడా తెలియడం లేదు.

ప్రతి ఏడూ ఆ నెలలో, అమావాస్య నుంచి లెక్కపెట్టుకుని, పదవ రోజుకి ముందు రూతమ్మ మిస్డ్ కాల్ ఇస్తుంది. ఒక్క రింగు. నేను తిరిగి చేయాలి. ఆమె ఏదో ఒక చిన్న తప్పు చెప్పుకుంటుంది. మీ కల వస్తే చెడ్డ కలనుకున్నానండి, ఇలాంటివి. క్షమించాను పిన్నీ, అంటాను. ఇప్పుడు మీ వంతండి, అని ఆగుతుంది. సూట్‌కేసు ఆలస్యంగా పంపాను, పండుగకి ఫోన్ చెయ్యలేదు, అని నేనేదో ఒకటి ఇస్తాను. తెలిసీ తెలియకా అన్నీ క్షమించేసానండి, అంటుంది. ఏడాదికోసారి ఇదీ మా బంధం.

పోయినసారి మాత్రం ఆ మాట అనలేదు. నా దొంగ తప్పు విని, “ఇంకేవీ లేవాండీ?” అని అడిగింది. లేవు పిన్నీ, అన్నాను. “ఆయ్. ఉంటానండి,” అని పెట్టేసింది.

అప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. ఇన్నేళ్లూ ఆమె తన తప్పు చెప్పుకోవడానికే ఫోన్ చేస్తోందా? లేక నాకు వంతు ఇవ్వడానికా?

ఈ సాయంత్రం మళ్లీ ఒక్క రింగు వచ్చింది. బాబుకి హోంవర్కు చేయిస్తున్నాను. మొన్న పుట్టిన మా పాపని భుజాన వేసుకుని ఉన్నాను. తిరిగి చేయలేదు. రేపు సూర్యుడు దిగేలోపు చేయవచ్చు. చేస్తానో లేదో తెలియదు. నిర్మలకి కూడా ఒకరు చెప్పాలి, మీ అమ్మ డబ్బు కోసం ఉండిపోలేదని. చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. నిర్మల కూతురు ఇప్పుడు బడికి వెళ్తూ ఉంటుంది. చెబితే ఆ ఇంట్లో ఏం మారుతుందో, నా ఇంట్లో ఏం మారుతుందో. మా ఆయన నన్ను ఎలా చూస్తాడో. రూతమ్మ క్షమిస్తుందో లేదో. ఈసారి ‘అన్నీ’ అని కలిపి క్షమించడానికి కుదరదు. దీన్ని విడిగా చూడాలి ఆమె. చూసి, లేదండీ, అనే హక్కు ఆమెకుంది.

అందరూ నిద్రపోయారు. పాప ఊపిరి తీస్తోందా అని రెండుసార్లు లేచి వెళ్లి చూసొచ్చాను. తీస్తోంది. ఇక రాసేస్తాను.

పిన్నీ, గడువు పెంచారు. నువ్వు అడిగిన పొద్దునకే నాకు తెలుసు. తెలిసే లేదన్నాను. నా బిడ్డ కోసం నిన్ను నీ బిడ్డ దగ్గరికి పోనివ్వలేదు. తలుపు వేసింది దేవుడు కాదు. నేను.

ఇంతే. ఇంత చిన్నదా అనిపిస్తోంది రాశాక చూస్తే. ముల్లు దిగలేదు, ఉంది. కానీ అప్పట్లో మా వాడు పెదాలు నీలమయ్యేదాకా బిగపట్టి, ఆమె ఊదగానే ఉలిక్కిపడి తీసుకునేవాడే మొదటి ఊపిరి, కాస్త నొప్పిగా, పెద్ద శబ్దంతో, అలాంటిది ఒకటి ఇప్పుడు నాలోంచి వచ్చింది. పక్క గదిలో పాప కదిలింది. ఫోను బల్ల మీదే ఉంది.